వైరస్‌పై మందు – అది చేసే పని, తెచ్చే బాధ

2021 ఏప్రిల్ మూడవ వారంలో ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు నాకొక ఫోను వచ్చింది. మాట్లాడినది మా విభాగంలో నాతోపాటు పదిహేడేళ్లు పనిచేసిన మిత్రుని కుమారుడు. "అంకుల్, మీది హైదరాబాదు గదా! రెమ్‌డెసివిర్ అక్కడే తయారవుతుందని అందరూ అంటున్నారు. ఆరు సీసాలు కావాలి. ఎంతైనా ఇస్తాం" అన్నాడు. తండ్రి నోయిడాలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్‌పై ఉన్నాడు. జ్వరం ప్రారంభమై అప్పటికి తొమ్మిది రోజులు.

ఆ రోజులను ఢిల్లీ పరిసరాలలో గడిపిన మన ఉద్యోగుల కుటుంబాలకు ఆ పరిస్థితిని వర్ణించి చెప్పనక్కరలేదు. మందుల దుకాణాల ముందు తెల్లవారుజాము నుండే బారులు. ఎవరి ఫోనులో చూసినా మందు కోసం వేడుకోళ్లు. ఏప్రిల్ 11న కేంద్ర ప్రభుత్వం రెమ్‌డెసివిర్ ఎగుమతిని నిషేధించినప్పటికీ కొరత తీరలేదు. నల్లబజారు ధరలు చెప్పుకోవడానికే సిగ్గుచేటు. ఆపైన నకిలీ సీసాలు పట్టుబడిన వార్తలు.

నేను సనత్‌నగర్‌లో ఉంటున్న మా బావమరిదికి ఫోను చేశాను. అతడు తనకు తెలిసినవారినీ, తెలియనివారినీ బ్రతిమాలి నాలుగు రోజులకు రెండు సీసాలు మాత్రం సంపాదించి విమానంలో పంపగలిగాడు. నేను వాటిని పట్టుకొని ఆసుపత్రికి వెళ్లేసరికి మిత్రుణ్ణి వెంటిలేటరుపై ఉంచారు. అక్కడి వైద్యురాలు సీసాలను చూసి, "ఇది పనిచేసే దశ దాటిపోయిందండీ" అని మెల్లగా చెప్పారు. మే మొదటి వారంలో మిత్రుడు కన్నుమూశాడు.

ఆ కుర్రవాడు కారుణ్య నియామకంపై ఇప్పుడు మన సంస్థలోనే పనిచేస్తున్నాడు. మొన్న క్యాంటీనులో ఎదురుగా కూర్చొని టీ తాగుతూ, ఉన్నట్టుండి అడిగాడు: "అంకుల్, ఆ సీసాలు నాలుగు రోజుల ముందు దొరికి ఉంటే నాన్న బ్రతికేవారా?" వాళ్లమ్మ ఇన్నేళ్లుగా ఆ ప్రశ్ననే మనసులో పెట్టుకొని కుములుతున్నదట. నాకు ఆ క్షణాన సమాధానం తోచలేదు. నా మనసులోనూ అదే ప్రశ్న ఉన్నదన్న సంగతి అప్పుడు గాని నాకు తెలియలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నమే.

నేను వైద్యుణ్ణి కాను. రసాయనశాస్త్రం చదివి నాణ్యతా పరీక్షాశాలలో పనిచేస్తున్నవాణ్ణి. వ్రాసినదానిని మన వైద్యాధికారిగారికి చూపించాను. వారు రెండుచోట్ల ఎర్రసిరా పెట్టారు, దిద్దుకున్నాను.

పరాయి వంటింట్లో దొంగ

బాక్టీరియా అనే సూక్ష్మజీవికి తనదంటూ ఒక గోడ, ఒక సంసారం ఉంటాయి. పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్ ఆ గోడను కట్టనీయదు. మన శరీరకణాలకు అటువంటి గోడ లేదు గనుక మనకు హాని జరగదు. వైరస్ సంగతి వేరు. దానికి స్వంత ఇల్లు లేదు, పొయ్యి లేదు. మన కణంలోకి దూరి, మన పొయ్యి మీద, మన బియ్యంతోనే తన వంట వండుకొనే దొంగ అది. దొంగను ఆపాలని పొయ్యిని పగులగొడితే ఇంటివాళ్లు పస్తుండవలసి వస్తుంది. వైరస్‌కు మందు కనుగొనడం ఇంత ఆలస్యమైనది ఇందువల్లనే.

అయితే ఈ దొంగ పూర్తిగా వట్టి చేతులతో రాడు. ఒకటో రెండో స్వంత పాత్రలు వెంట తెచ్చుకొంటాడు. అవే వైరస్ ఎంజైములు. తన జన్యుపదార్థానికి నకళ్లు తీసుకోవడానికి ఒకటి, పొడవైన మాంసకృత్తులను ముక్కలుగా కోసుకోవడానికి ఒకటి, కణం నుండి బయటపడడానికి ఒకటి. మన వంటింట్లో లేని ఆ పాత్రనే గుర్తించి దానికి బెజ్జం పెట్టడమే వైరస్ నిరోధక ఔషధం చేసే పని. ఆ పాత్ర మన పాత్రలకు ఎంత భిన్నంగా ఉంటే మందు మనకు అంత సురక్షితం. ఎంత దగ్గరగా ఉంటే దుష్ఫలితాలు అంత ఎక్కువ. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

మరొక సంగతి. ఈ మందులలో చాలావరకు వైరస్‌ను చంపవు, నకళ్లు తీయడాన్ని మాత్రమే ఆపుతాయి. అప్పటికే పుట్టిన వైరస్‌లను తుదముట్టించవలసినది మన రోగనిరోధక శక్తియే. కావున నకళ్లు ఇంకా తక్కువగా ఉన్న తొలి రోజులలో మందు పడితే ఫలితం ఎక్కువ. ఇల్లంతా నిండిన తరువాత పాత్రకు బెజ్జం పెట్టి ప్రయోజనమేమి?

ఈ మందుల చరిత్రలో ఒక తొలి ఘట్టం మన పొరుగున మద్రాసులోనే జరిగింది. మెథిసజోన్ అనే మందును మశూచి రోగుల ఇళ్లలోని వారికి ముందుగానే ఇచ్చి చూశారు. 1963లో ఫలితాలు ప్రకటించారు. మందు పుచ్చుకొన్న 1,101 మందిలో ముగ్గురికే మశూచి సోకింది. పుచ్చుకోని 1,126 మందిలో 78 మందికి సోకగా, 12 మంది మరణించారు. అయినా తరువాతి పరీక్షలలో అంత గొప్ప ఫలితం కనిపించలేదు. పైగా మందు మింగినవారికి విపరీతమైన వాంతులు. చివరకు మశూచిని భూమి మీద లేకుండా చేసినది టీకాయే. ఈ తరగతి మందులకు దుష్ఫలితాల గొడవ పుట్టుకతోనే వచ్చిందని చెప్పడానికి ఈ కథ పనికివస్తుంది.

తాళంచెవి దొంగ చేతిలోనే

ఈ మందులలో నాకు అందరికంటే ముచ్చటగా తోచేది ఎసైక్లోవిర్. ఆటలమ్మకు, సర్పికి, పెదవులపై పుట్టే నీటిపొక్కులకు వైద్యులు వ్రాసే మందు ఇది. దీనిని రూపొందించిన పరిశోధక బృందానికి మార్గదర్శి గెర్‌ట్రూడ్ ఎలియన్. పి.హెచ్.డి. పట్టా లేకుండానే 1988లో నోబెల్ బహుమతి అందుకొన్న మహిళ.

డీఎన్ఏ అనేది ఇటుక మీద ఇటుక పేర్చినట్లు పెరిగే పొడవైన గొలుసు. ఎసైక్లోవిర్ అచ్చం ఆ ఇటుకలాగే కనిపిస్తుంది కాని, తరువాతి ఇటుకను పట్టుకొనే కొక్కెం దానికి లేదు. అది ఒకసారి వరుసలో చేరిందా, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. అయితే మన కణాల డీఎన్ఏ కూడా అలాగే ఆగిపోవాలి గదా? ఆగదు. మాత్రగా మింగిన ఎసైక్లోవిర్ నిద్రాణస్థితిలో ఉంటుంది. దానికి మూడు ఫాస్ఫేటులు తగిలితే గాని అది పనిలోకి దిగదు. ఆ మొదటి ఫాస్ఫేటును తగిలించగలిగేది, ముఖ్యంగా, వైరస్ తెచ్చుకొన్న ఎంజైము మాత్రమే. అనగా దొంగ దూరిన గదిలోనే మందు మేల్కొంటుంది. మిగిలిన గదులలో నిద్రపోతూ మూత్రం ద్వారా వెళ్లిపోతుంది.

అందువల్లనే దీని దుష్ఫలితాలు స్వల్పం. కొందరికి వికారం, తలనొప్పి. అయితే ఈ మందు బయటకు పోయే దారి మూత్రపిండాలే గనుక, ఒంట్లో నీరు తక్కువైతే అక్కడ స్ఫటికాలుగా పేరుకొనే ప్రమాదం ఉంది. ముఖ్యంగా నరానికి ఎక్కించినప్పుడు ఈ భయం ఎక్కువ. ఢిల్లీ మే నెల ఎండలో ఈ మాత్రలు వాడేవారిని బాగా నీళ్లు త్రాగమని వైద్యులు చెప్పడం మర్యాద కోసం కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్న పెద్దవారికి మోతాదు తగ్గించకపోతే మాట తడబడడం, మతి తప్పినట్లు ప్రవర్తించడం కూడా జరగవచ్చు.

మన ఇళ్లలో ఆటలమ్మ పోసినప్పుడు మందు ముట్టరాదనే నమ్మకం ఇంకా పోలేదు. వేపాకు పరచండి, దోషం లేదు. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకు చాలాసార్లు మందు లేకుండానే తగ్గిపోతుంది కూడా. కాని పెద్దవయసులో ఆటలమ్మ వస్తే ఊపిరితిత్తులకు సోకి ప్రాణం మీదికి రావచ్చు. అటువంటివారికి పొక్కులు కనబడిన 24 గంటలలోగా మందు ప్రారంభించాలి. నడుము చుట్టూ ఒకవైపున సర్పి లేస్తే 72 గంటలలోగా. మంత్రం వేయించుకోవడానికి సెలవు పెట్టి ఊరికి వెళ్లి, వారం తరువాత వైద్యుని వద్దకు వచ్చినవారు నాకు తెలుసు. పొక్కులు మానినా నరాల మంట వారిని నెలల తరబడి వదలలేదు.

హైదరాబాదు పరిశోధనాలయంలో

ఎసైక్లోవిర్‌తో పోల్చిచూస్తే జిడోవుడిన్ కథ మరొక పాఠం చెబుతుంది. ఎజెడ్‌టి అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ మందును 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సరు కోసం తయారుచేశారు. దానికి పనికిరాక అది అటకెక్కింది. ఇరవయ్యేళ్ల తరువాత ఎయిడ్స్ వైరస్‌పై పనిచేస్తుందని తేలి, 1987 మార్చిలో అమెరికాలో అనుమతి పొందింది. ఆ వ్యాధికి వచ్చిన మొట్టమొదటి మందు ఇదే. ధర మాత్రం సామాన్యుని ఊహకు కూడా అందనిది.

ఆ మందును మనదేశంలో తయారుచేసే ప్రక్రియను హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో అప్పటి సంచాలకులు, గుంటూరు వాస్తవ్యులు డాక్టర్ ఎ.వి. రామారావుగారి బృందం రూపొందించింది. 1990ల ఆరంభంలో సిప్లా సంస్థ దానిని విపణిలోకి తెచ్చింది. ప్రభుత్వ పరిశోధనాలయం ప్రక్రియను ఇచ్చింది, ఒక భారతీయ సంస్థ తయారుచేసింది. ప్రభుత్వరంగంలో పనిచేస్తున్న మనబోటివారు ఈ సంగతి చెప్పుకొని కాస్త గర్వపడితే తప్పులేదనుకొంటాను.

జిడోవుడిన్ కూడా కొక్కెం లేని ఇటుకయే. ఎయిడ్స్ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్ఏగా మార్చుకొనే చోట అది అడ్డుపడుతుంది. కాని ఒక తేడా ఉంది. దీనికి మొదటి ఫాస్ఫేటును తగిలించేది వైరస్ కాదు, మన కణమే. అంటే ఈ మందు అన్ని గదులలోనూ మేల్కొనే ఉంటుంది. అందుచేత వేగంగా విభజన చెందే ఎముకమజ్జ కణాలు దెబ్బతిని రక్తహీనత వస్తుంది. తొలి సంవత్సరాలలో రోజుకు 1,500 మిల్లీగ్రాముల వరకు ఇచ్చేవారు. రోగులు పాలిపోయి, రక్తం ఎక్కించుకోవలసి వచ్చేది. తరువాత మోతాదును 600 మిల్లీగ్రాములకు తగ్గించారు. ఒకే ఉపాయంతో పనిచేసే రెండు మందులలో ఒకటి సౌమ్యంగా, మరొకటి కఠినంగా ఉండడానికి కారణం ఆ ఒక్క ఫాస్ఫేటు!

2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఎయిడ్స్ మందులను ఉచితంగా ఇవ్వనారంభించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలు, ఢిల్లీ ఆ తొలి విడతలో ఉన్నాయి. ఆనాడు వాడిన స్టావుడిన్ వల్ల పాదాలలో మంటలు, చెంపలు పీక్కుపోవడం ఉండేవి. నెవిరాపిన్ వల్ల కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, కాలేయానికి హాని. ఎఫావిరెంజ్ వాడినవారికి పీడకలలు, తలతిరగడం. ముఖం చూసి జబ్బును గుర్తుపట్టేవారన్న భయంతో మందు మానివేసినవారు ఎందరో! 2020 తరువాత వాడుకలోకి వచ్చిన టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర రోజుకు ఒక్కటి చాలు. దీనికీ దోషాలు లేకపోలేదు. మూత్రపిండాలను పరీక్షించుకొంటూ ఉండాలి, కొందరికి నిద్ర పట్టదు, బరువు పెరుగుతారు. కాని పాతవాటితో పోలిస్తే ఇది వరమే. ప్రపంచంలోని అనేక దేశాలకు ఈ మందులు హైదరాబాదు పరిసరాల కర్మాగారాల నుండి వెళ్తున్నాయి.

ఈ జబ్బుకు ఒక్క మందు కాక మూడు కలిపి ఇవ్వడానికి కారణం ఉంది. ఎయిడ్స్ వైరస్ నకళ్లు తీసేటప్పుడు లెక్కలేనన్ని తప్పులు చేస్తుంది. ఆ తప్పులలో ఏదో ఒకటి మందుకు లొంగనిదై పుడుతుంది. మూడు మందులనూ ఒకేసారి తప్పించుకోవడం మాత్రం దానికి దుర్లభం. వారం వేసుకొని వారం మానేవారి రక్తంలో మందు పలచబడి, లొంగని వైరస్‌కు దారి ఏర్పడుతుంది. అందుచేత దుష్ఫలితం వస్తే వైద్యుని వద్దకు వెళ్లి మందు మార్పించుకోవాలి గాని, తమంతట తాము ఆపరాదు.

అనాసపువ్వు, చలికాలపు ఫ్లూ

మన బిర్యానీలో వేసే అనాసపువ్వుకూ, ఫ్లూ జ్వరానికి ఇచ్చే ఒసెల్టమివిర్‌కూ బంధుత్వం ఉన్నదంటే మా ఇంట్లో నమ్మలేదు. ఆ మందు తయారీకి ముడిపదార్థం షికిమిక్ ఆమ్లం. దానిని చాలాకాలం చైనాలో పండే అనాసపువ్వు నుండే తీశారు. అంతమాత్రాన అనాసపువ్వు కషాయం త్రాగితే ఫ్లూ తగ్గదు. ఇనుప ఖనిజాన్ని చూపి రైలు ఎక్కమన్నట్లుంటుంది.

ఫ్లూ వైరస్ కణంలో పుట్టి పైకి వచ్చాక కణం అంచుకే అతుక్కొని ఉంటుంది. ఆ బంధాన్ని తెంచుకోవడానికి దాని వద్ద న్యూరామినిడేజ్ అనే కత్తెర ఉంటుంది. ఒసెల్టమివిర్ ఆ కత్తెర నోటిలో అడ్డుపడుతుంది. పుట్టిన వైరస్‌లు గడప దాటలేవు. 2009 మే 16న మనదేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడినది హైదరాబాదులోనే. అమెరికా నుండి వచ్చిన ఒక యువకునికి సోకింది. ఆ సంవత్సరం ఢిల్లీ విమానాశ్రయంలో ప్రయాణికుల పరీక్షలు, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి ముందు ముక్కులకు గుడ్డలు కట్టుకొని నిలుచున్న జనం పాతవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది.

ఈ మందు గొప్పతనాన్ని గురించి కొంత అతిశయోక్తి కూడా జరిగింది. 2014లో కాక్రేన్ పరిశోధకులు పరీక్షల వివరాలన్నిటినీ తిరిగి లెక్కకట్టగా, ఆరోగ్యవంతులైన పెద్దలలో జ్వరలక్షణాలు తగ్గే కాలాన్ని ఇది సుమారు పదిహేడు గంటలు మాత్రమే ముందుకు జరిపిందని తేలింది. వికారం, వాంతులు దీని సాధారణ దుష్ఫలితాలు. భోజనంతోపాటు వేసుకొంటే కొంత తగ్గుతాయి. జపానులో కౌమార వయస్కులు మందు వాడుతున్న సమయంలో వింతగా ప్రవర్తించిన సంఘటనల వల్ల 2007లో అక్కడ ఆ వయసువారికి ఇవ్వడం నిలిపివేశారు. జ్వరం వల్లనే అలా జరిగి ఉండవచ్చునని తరువాత భావించి, 2018లో ఆ ఆంక్షను ఎత్తివేశారు. ఏమైనా జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి మొదటి రెండు రోజులు కనిపెట్టుకొని ఉండడం మంచిదే.

కావున మామూలు జలుబుకు ఈ మందు అనవసరం. గర్భిణులకు, వృద్ధులకు, ఉబ్బసం, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారికి ఫ్లూ వస్తే మాత్రం 48 గంటలలోగా ప్రారంభించడం ముఖ్యం. ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బు చేసినవారికి ఆ గడువు దాటినా ఇస్తారు. నిరుటి చలికాలంలో మిగిలిన మాత్రలను ఈ చలికాలంలో మరొకరికి వేసే అలవాటు మన క్వార్టర్లలో ఉన్నదని వైద్యాధికారిగారు వాపోయారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి దీని మోతాదు కూడా తగ్గించవలసి ఉంటుంది.

పన్నెండు వారాల మందు

ఏ వైరస్‌నైనా మందుతో పూర్తిగా వదిలించుకోగలమా అంటే ఒక చక్కని ఉదాహరణ ఉంది. అది హెపటైటిస్ సి. పూర్వం దీనికి ఇంటర్‌ఫెరాన్ సూదులు, రైబావిరిన్ మాత్రలు దాదాపు ఏడాది వాడేవారు. జ్వరం, నీరసం, తీవ్రమైన మనోవ్యాకులత, రక్తహీనత. ఇంతా భరిస్తే సగం మందికి నయమయ్యేది. 2013 డిసెంబరులో అమెరికాలో వచ్చిన సోఫోస్‌బువిర్ ఆ స్థితిని మార్చివేసింది. తోడు మందులతో కలిపి పన్నెండు వారాలు వాడితే నూటికి తొంభై అయిదుమందికి పైగా నయమవుతారు. బాధ అంటే కొంత అలసట, తలనొప్పి. అక్కడ దీని ధర ఒక్కొక్క మాత్రకు వెయ్యి డాలర్లు. 2015లో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు తెచ్చింది. 2018 జూలైలో ఆరంభమైన జాతీయ కార్యక్రమం కింద ఇప్పుడు ఈ మందును ఉచితంగా ఇస్తున్నారు. ఒక్క జాగ్రత్త. గుండె లయ తప్పినందుకు అమియోడరోన్ వాడుతున్నవారికి దీనితో నాడి ప్రమాదకరంగా మందగించవచ్చు. కావున వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పి తీరాలి.

ఈ ఆఖరి మాట కరోనాకు వాడే నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ జంటకు మరింతగా వర్తిస్తుంది. ఇందులో వైరస్‌ను అడ్డుకొనేది మొదటిది. రెండవది కాలేయంలో మందులను కరిగించే ఎంజైమును ఆపి, మొదటిదానిని రక్తంలో ఎక్కువసేపు నిలబెడుతుంది. ఉపాయం మంచిదే కాని, ఆ ఎంజైము ద్వారానే కరిగే కొలెస్టరాల్ మాత్రలు, కొన్ని రక్తపోటు మాత్రలు కూడా రక్తంలో పేరుకొంటాయి. యాభై దాటిన మన ఉద్యోగులలో ఇవి వాడనివారు ఎందరు? నోరంతా చేదుగా ఉండడం దీని మరొక బాధ, ప్రమాదం లేనిది. 2021 డిసెంబరు 28న మనదేశంలో అనుమతి పొందిన మోల్నుపిరావిర్ దారి వేరు. అది వైరస్ నకళ్లలో తప్పులు దొర్లించి దానిని పాడుచేస్తుంది. ఆ తప్పులు మన కణాలలోనూ దొర్లవచ్చుననే అనుమానంతో గర్భిణులకు దానిని నిషేధించారు. భారత వైద్య పరిశోధనా మండలి 2022 జనవరిలో దానిని జాతీయ చికిత్సావిధానంలో చేర్చలేదు. ఆ నిర్ణయమే సరియైనదని నా అభిప్రాయం.

ఢిల్లీలో ఏటా వర్షాలు తగ్గే వేళకు వచ్చే డెంగీ జ్వరానికి మాత్రం ఇటువంటి మందు ఏదీ వాడుకలో లేదు. పారాసిటమాల్, ద్రవపదార్థాలు, ప్లేట్‌లెట్ల పరీక్ష, అంతే. నొప్పి తగ్గుతుందని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకొంటే రక్తస్రావం ఎక్కువ కావచ్చు.

ఆ రెండు సీసాలు

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. రెమ్‌డెసివిర్ కూడా నకిలీ ఇటుకయే. కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏ గొలుసులో చేరి, మరి మూడు ఇటుకలు పేర్చేసరికి గొలుసును ఆపివేస్తుంది. కాలేయపు ఎంజైములు పెరగడం, నాడి మందగించడం, వికారం దీని దుష్ఫలితాలు. హైదరాబాదులోని హెటిరో సంస్థ 2020 జూన్‌లో దీనిని సీసా 5,400 రూపాయలకు విడుదల చేసింది. మంచి మందే. అది పనిచేసే వేళ ఏదన్నదే అసలు ప్రశ్న.

రెండు పరీక్షలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఆసుపత్రిలో చేరనివారికి, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి, జబ్బు మొదలైన వారం లోపల మూడు రోజులు ఈ మందు ఇస్తే ఆసుపత్రిలో చేరవలసిన అవసరం 87 శాతం తగ్గిందని 2021 డిసెంబరులో ఒక పరీక్ష తెలిపింది. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశంతో సహా 35 దేశాలలో, ఆసుపత్రులలో చేరినవారిపై జరిపిన సాలిడారిటీ పరీక్ష తుది ఫలితాలు 2022 మేలో వచ్చాయి. ఆక్సిజన్‌పై ఉన్నవారిలో మందు ఇవ్వనివారు నూటికి 16.3 మంది, ఇచ్చినవారు 14.6 మంది మరణించారు. వెంటిలేటరుపై ఉన్నవారిలో ఏ ప్రయోజనమూ కనబడలేదు.

మందు ఒక్కటే, వేళలే వేరు. తొలివారంలో శత్రువు వైరస్. రెండవ వారంలో ఊపిరితిత్తులను దెబ్బతీసేది చాలావరకు మన శరీరపు రక్షణవ్యవస్థ రేపిన మంటయే. ఆ మంటను తగ్గించినది 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్షలో నిరూపితమైన డెక్సామెథసోన్. అతి చవకైన స్టెరాయిడ్. వెంటిలేటరుపై ఉన్నవారి మరణాలను అది మూడవవంతు తగ్గించింది. మా మిత్రునికి ఆసుపత్రిలో చేరిన రోజు నుండే అది ఇచ్చారు. రెమ్‌డెసివిర్ ప్రాణాలు నిలిపే మంత్రదండం కాదని అప్పటి ఎయిమ్స్ సంచాలకులు డాక్టర్ రణదీప్ గులేరియాగారు ఆ ఏప్రిల్‌లోనే చెప్పారు. బారులు తీరి నిలుచున్న మాకు ఆ మాట చెవికెక్కలేదు.

నిన్న ఆ కుర్రవాణ్ణి మా విభాగానికి పిలిచి, కాగితం మీద ఈ అంకెలు వేసి చూపించాను. "నువ్వు ఫోను చేసిన రాత్రే ఆరు సీసాలూ దొరికి ఉంటే, నాన్నగారి వంటి స్థితిలో ఉన్న నూరుమందిలో బహుశా ఇద్దరికి మేలు జరిగేది. తొంభై ఎనిమిదిమందికి జరిగేది జరిగేదే. నేను తెచ్చిన రోజున ఆ ఇద్దరి లెక్క కూడా లేదు" అన్నాను. అతడు చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ సీసాలు రెండూ ఏమయ్యాయో తెలుసా అంకుల్?" అన్నాడు చివరికి. "వరండాలో ఒకామె భర్త కోసం వెదుకుతూ ఏడుస్తుంటే అమ్మ ఇచ్చేసింది. ఆయన ఏమయ్యాడో మాకు తెలియదు."

వెళ్లబోతూ గుమ్మం వద్ద ఆగాడు. వాళ్లమ్మకు తెలుగు రాదు గనుక దీనిని పత్రిక హిందీ విభాగానికి కూడా ఇమ్మని అడిగాడు. రాజభాషా అధికారిగారితో మాట్లాడాను. అనువాదం నేనే చేస్తున్నాను. కొక్కెం లేని ఇటుక దగ్గర మాత్రం సరైన మాట ఇంకా దొరకలేదు.